నెలగంట నుంచి రథసప్తమి దాకా: సంక్రాంతి పనులు, వాటి పుట్టుక

సంక్రాంతి మూడు రోజుల పండగే అయినా పని మాత్రం నెల రోజులది. డిసెంబర్ 16 ప్రాంతంలో సూర్యుడు ధనూరాశిలో అడుగుపెట్టిన రోజున నెలగంట పెడతారు, అంటే ధనుర్మాసం మొదలైనట్టు. ఆ రోజు నుంచి వాకిట్లో పెద్ద ముగ్గులు, ముగ్గు మధ్యలో గొబ్బెమ్మలు, వీధిలో హరిదాసు. ఈ పనులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి. కళ్ళాపి చల్లితేనే ముగ్గు నిలుస్తుంది, ముగ్గు ఉంటేనే గొబ్బెమ్మకు చోటు, మర్నాడు ఆ గొబ్బెమ్మే పిడక అవుతుంది, ఆ పిడక భోగి మంటలోకో రథసప్తమి పొయ్యిలోకో వెళుతుంది. పొలంలో కోతలు అయిపోయి, గాదెలోకి ధాన్యం, పశువుల కొట్టం పక్కకు గడ్డివాము చేరే రోజుల్లో ఇంట్లో దండిగా ఉండేవి బియ్యం, పేడ, గడ్డి, కొత్త బెల్లం. పండగ మొత్తం వాటితోనే అల్లుకుంది. ఏ పని ఎందుకు పుట్టిందో తెలిస్తే, అపార్ట్‌మెంట్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చితే పని చెడుతుందో మీకే తెలుస్తుంది.

పండగ 14నా, 15నా?

మన పండగలు చాలావరకు తిథిని బట్టి వస్తాయి. అందుకే ఉగాది, వినాయక చవితి ఇంగ్లీషు క్యాలెండర్లో ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. సంక్రాంతి అలా కాదు, సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే క్షణాన్ని బట్టి వస్తుంది. ఆ క్షణం ఏటా సుమారు 6 గంటల 9 నిమిషాలు ఆలస్యమవుతుంది. లీపు సంవత్సరంలో ఫిబ్రవరికి ఒక రోజు కలిశాక మళ్ళీ వెనక్కి వస్తుంది. ప్రవేశం సూర్యాస్తమయం దాటాక జరిగితే పుణ్యకాలాన్ని మర్నాటికి తీసుకుంటారు. 2024లో పండగ 15న, 2025లో 14న రావడం ఈ లెక్క ప్రకారమే.

ఇతర దేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడే పొరపడతారు. సంక్రమణం ప్రపంచమంతటికీ ఒకే క్షణం. 2024లో మనకు 15 తెల్లవారుజామున వచ్చిన ఆ క్షణం న్యూయార్క్ గడియారంలో ఇంకా 14 సాయంత్రమే. అందుకని ఇక్కడి క్యాలెండర్ ఫొటో తెప్పించుకోకుండా, మీ ఊరి సమయానికి గణించిన పంచాంగం చూసుకోండి.

ఉత్తరాయణం సంగతి ఇంకాస్త లోతైనది. ఆకాశంలో సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబర్ 21 లేదా 22న. మనం చేసుకునేది జనవరి 14న లేదా 15న. ఈ తేడాకు కారణం భూమి అక్షం. అది సుమారు 25,800 ఏళ్ళకు ఒక చుట్టు చొప్పున నెమ్మదిగా దిశ మార్చుకుంటుంది, అంటే దాదాపు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ. మన పంచాంగం రాశుల్ని నక్షత్రాలతో కలిపి లెక్కిస్తుంది కాబట్టి, సంక్రాంతి రుతువుల నుంచి సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున పక్కకు జరుగుతోంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున పడేవి. వివేకానందుడు 1863లో మకర సంక్రాంతి రోజునే పుట్టాడు, ఆ రోజు తేదీ జనవరి 12. నూట అరవై ఏళ్ళలోనే రెండు మూడు రోజుల తేడా వచ్చిందన్నమాట. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఈ ఎడాన్ని కూడా పరిశీలించింది. దాని సిఫార్సు మీదే 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. పండగలు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయాయి. పంట ఇంటికొచ్చే రోజులకు అది సరిపోతోంది కాబట్టి రైతు ఇంట్లో ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

కళ్ళాపి, ముగ్గు

కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామం అనే వీధి నాటకంలోనే కలయంపి (కళ్ళాపి) చల్లడం, ముగ్గులు పెట్టడం కనిపిస్తాయి. అంటే ఈ రెండూ అప్పటికే జంట పనులు. కారణం చాలా మామూలుది: ఎండు మట్టి మీద ముగ్గు నిలవదు.

మట్టి వాకిలైతే బకెట్ నీళ్ళలో రెండు గుప్పిళ్ళ తాజా పేడ బాగా పిసికి, గడ్డిపరకలు తీసేసి, ఊడ్చిన నేల మీద చేత్తో చిమ్మండి. చెంబుతో కుమ్మరిస్తే గుంటలు పడతాయి, పిండి అక్కడ ముద్దకడుతుంది. చల్లాక పది నిమిషాలు ఆగండి. అరికాలు పెడితే చల్లగా తగిలి, తడి అంటకూడదు. అదే ముగ్గుకు అదును. సిమెంటు మీద ఉత్త నీళ్ళు చాలు. టైల్స్ మీద పొడి ముగ్గు జారిపోతుంది, గాలికీ పోతుంది. అక్కడ బియ్యం మూడు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బి, మజ్జిగంత పలచన చేసి, చిన్న గుడ్డపీలికను అందులో ముంచి వేళ్ళ సందున పిండుతూ తడి ముగ్గు వేయాలి. వేసేటప్పుడు కనబడదు, ఆరాక తెల్లగా తేలుతుంది.

పిండి విషయంలో ఒక మాట. ముగ్గురాయి పొడి తెల్లగా, బరువుగా ఉండి గీత బాగా పడుతుంది. బియ్యప్పిండి తేలిక, కానీ చీమలకూ పిచ్చుకలకూ తిండి. రెండు వంతుల రాతిపొడికి ఒక వంతు బరక బియ్యప్పిండి కలిపితే గీత నిలుస్తుంది, చీమలకు మేతా ఉంటుంది. మరీ మెత్తటి పిండి వేళ్ళకు అంటుకుని గీత తెగుతుంది. రంగులు కూడా అంతే, ఉత్త రంగుపొడి జారదు. జల్లించిన ఇసుకలో గానీ దొడ్డుప్పులో గానీ కలిపితే సమంగా పడుతుంది.

చుక్కల ముగ్గుల్లో రెండు రకాలున్నాయి. ఎదురు చుక్కలు ఒకదాని కింద ఒకటి నిలువు వరసలో ఉంటాయి. సందు చుక్కలు పై వరసలో రెండు చుక్కల నడిమి సందుకు ఎదురుగా పడతాయి. "7 చుక్కలు, ఎదురు చుక్క 1 వరకు" అంటే మధ్య వరసలో 7 పెట్టి, పైకీ కిందికీ 5, 3, 1 చొప్పున తగ్గించుకుంటూ పోవడం. మొత్తం 25 చుక్కలు. "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" అంటే మధ్యలో 15, రెండు వైపులా 14, 13, 12 అంటూ 8 దాకా. మొత్తం 169. వేశాక ఓసారి లెక్కపెట్టుకోండి, ఒక్కటి తగ్గినా ఎక్కడో వరస తప్పిందని అర్థం. చుక్కకు చుక్కకు మూడంగుళాల ఎడమిస్తే ఈ ముగ్గుకు మూడున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు స్థలం కావాలి.

చాలామంది పై వరసతో మొదలుపెడతారు. అలా చేస్తే కిందికొచ్చేసరికి వరసలు ఒక పక్కకు ఒరిగిపోతాయి. మధ్య వరస ముందు వేయండి, పొడవైన ఆ వరసే తక్కిన వాటికి కొలబద్ద. బొటనవేలు, చూపుడువేలు మధ్య పిండి పట్టి, చేతిని నేలకు రెండంగుళాల ఎత్తులో ఉంచి, వేళ్ళు కాకుండా మణికట్టు కదపాలి. ఆగి ఆగి వేస్తే ఆగిన చోటల్లా గీత ఉబ్బుతుంది.

సందు చుక్కల ముగ్గులో చుక్కల్ని కలుపుతారు. పువ్వులు, దీపాలు, చేపలు అందులోనే బాగా వస్తాయి. ఎదురు చుక్కలతో ఎక్కువగా వేసే మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకూడదు. చుక్క చుట్టూ తిరిగి, పక్క చుక్కతో ఉన్న సందులో ఇంకో గీతను దాటి, అంచుకు వెళ్ళి మలుపు తీసుకుని వెనక్కి రావాలి. ఒక్క చుక్క కూడా విడిగా మిగలకూడదు, ఒక్క కొస కూడా తెరిచి ఉండకూడదు. ఏదైనా కొస మిగిలితే తప్పు ఆ చోట ఉండదు. అంతకు ముందు మలుపులో ఎక్కడో ఒక సందు దాటకుండా వదిలేసి ఉంటారు, అక్కడ వెతకండి. ఈ నియమాల్లో ఎంత గణితం ఉందంటే, మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1970లలో తమిళనాడు కోలాల్ని కంప్యూటర్ శాస్త్రపు వ్యాకరణ సూత్రాలతో వివరించారు. అమ్మమ్మలు నోటి లెక్కతో వేసింది అదే.

గొబ్బెమ్మలు, పిడకలు

గొబ్బిళ్ళ పాటకు కనీసం ఐదు వందల ఏళ్ళ ఆధారముంది. 1503లో కన్నుమూసిన అన్నమయ్య రాసిన గొబ్బిళ్ళ కీర్తన ఇవాళ్టికీ ఆడపిల్లలు పాడుతున్నారు. గొబ్బెమ్మల్ని కొందరు కృష్ణుడి చుట్టూ చేరిన గోపికలంటారు, కొందరు గౌరమ్మ అంటారు. ఎవరి ఇంటి నమ్మకం వారిది.

పేడ ఆ ఉదయానిదే కావాలి. పచ్చిమేత ఎక్కువ తిన్న ఆవు పేడ జారుగా ఉండి ముద్ద నిలవదు. దాన్ని ఓ గంట గోనె మీద పరిచి ఉంచితే నీరు పోతుంది, తొందరగా కావాలంటే గుప్పెడు ఊక కలపండి. నిమ్మకాయంత నుంచి కమలాపండంత దాకా ముద్దలు చేసి, మధ్యలో ఒక పెద్దది, చుట్టూ చిన్నవి పెట్టండి. మొత్తం బేసి సంఖ్యలో ఉండాలి. బొటనవేలితో పైన చిన్న గుంట చేస్తే పువ్వు నిలుస్తుంది. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, గరిక, ఆ పైన గుమ్మడి పువ్వు.

గుమ్మడి పువ్వు తెల్లవారుతూ విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది కాబట్టి పొద్దున్నే కోయాలి. పాదు మీద రెండు రకాల పువ్వులుంటాయి. పొడవాటి సన్నటి కాడ ఉన్నది మగపువ్వు. పువ్వు కింద బుల్లి గుమ్మడిపిందె ఉన్నది ఆడపువ్వు. మగపువ్వులే కోయండి, అవి కూడా ఒకటి రెండు పాదు మీద వదలండి. ఆడపువ్వులు కోసేస్తే కనుమ తర్వాత గుమ్మడికాయ ఉండదు. పువ్వు దొరకకపోతే బంతి, చామంతి సరే.

మర్నాడు పొద్దున ఆ గొబ్బెమ్మల్ని తీసి పిడకలు చేస్తారు. భోగి దండకు కావలసినవైతే అరచేతిలో సగం మేర బిళ్ళలు తట్టి, తడి మీదే వేలితో మధ్యలో కన్నం పెట్టండి. ఎండాక పెడదామంటే పగిలిపోతాయి. ధనుర్మాసపు ఎండ నీరసంగా ఉంటుంది, మంచు ఎక్కువ. కాబట్టి నాలుగైదు రోజులు పడుతుంది, రెండో రోజున తిరగేయాలి, రాత్రిళ్ళు లోపల పెట్టాలి. జనవరి 7, 8 తేదీల తర్వాత తట్టినవి భోగికి అందవు. లోపల పచ్చిగా ఉండి పొగే తప్ప మంట రాదు. ఆలస్యంగా తట్టినవి రథసప్తమికి దాచుకోండి.

హరిదాసు వచ్చే వేళకు గిన్నెలో బియ్యం సిద్ధంగా పెట్టుకోండి. తలమీది అక్షయపాత్రను ఆయన దించడు, అడిగి తీసుకోడు, కీర్తన పాడుతూ కాస్త వంగుతాడు. పాత్రలోనే పోయాలి. పిల్లల చేత పోయిస్తే మంచిది, వాళ్ళకు ఇది ఏటా ఓ నెలే దొరుకుతుంది. ఈ నెలలో తెల్లవారుజామున వైష్ణవాలయాల్లో రోజుకొకటి చొప్పున తిరుప్పావై ముప్పై పాశురాలు పూర్తిచేసి, భోగినాడు గోదాకల్యాణం చేస్తారు.

భోగి మంట, భోగి పళ్ళు

దక్షిణాయనపు చివరి రోజు భోగి. చలి ముదిరిన వేళ, ఇల్లు శుభ్రం చేసి పనికిరాని కర్రను మంటలో వేసి, ఆ వేడితో నీళ్ళు కాచుకుని నువ్వులనూనె తలంటు పోసుకునే రోజు. విరిగిన నాగలి, చెదలు పట్టిన గుంజ, చిరిగిన తాటాకు చాప, చేట లాంటివి కాల్చేవారు. అన్నీ చెట్టు నుంచి వచ్చినవే. ఇప్పటి ఇంట్లో పాతసామాను అంటే ప్లైవుడ్, రంగు వేసిన తలుపు, ప్లాస్టిక్ కుర్చీ, టైరు. ఇవేవీ మంటలో వేయకండి. ప్లైవుడ్ జిగురు, పాత రంగుల్లోని సీసం, టైరు పొగ, మంట చుట్టూ నిలబడ్డ పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళతాయి. ఎండు కర్ర లేకపోతే చిన్న మంటే వేయండి.

కరెంటు తీగల కింద, వాములకు దగ్గరగా, ఆగిన వాహనాల పక్కన వద్దు. నేల మీద ఇటుకల వలయం పేర్చి, అడుగున కొబ్బరి పీచు, ఎండు తాటాకు, వాటిపై సన్న పుల్లలు గోపురంలా నిలబెట్టి, లావు దుంగలు బయటి వైపు ఆనించండి. దుంగల్ని అడ్డంగా పేరిస్తే గాలి ఆడక పొగ చిమ్ముతుంది. ముద్ద కర్పూరంతో గానీ నేతిలో తడిపిన పిడకతో గానీ అంటించండి, పెట్రోలు జోలికి పోకండి. దండ పిడకలు మంట నిలదొక్కుకున్నాక వేయాలి. పక్కనే బకెట్ నీళ్ళు, గంప ఇసుక ఉండాలి. మేడలో ఉండేవాళ్ళు వెడల్పాటి ఇనుప గమేళాలో ఇసుక పోసి, నాలుగు పిడకలతో సెల్లారు బయట చేసుకోవచ్చు.

సాయంత్రం భోగి పళ్ళు. రేగుపండు సూర్యుడి పండు, దానికి అర్కఫలమని పేరు. అందుకే ఈ పండగలోనూ రథసప్తమిలోనూ అదే ఉంటుంది. ఐదేళ్ళలోపు ఒక బిడ్డకు రెండు గుప్పిళ్ళ రేగుపళ్ళు, గుప్పెడు నానిన శనగలు, చిన్న చెరుకుముక్కలు, బంతిరేకులు, కొన్ని చిల్లర నాణేలు కలుపుకోండి. బిడ్డను తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, దోసిట్లోకి తీసుకుని మూడుసార్లు కుడి నుంచి, మూడుసార్లు ఎడమ నుంచి దిష్టి తిప్పి తల మీద నుంచి జారవిడవాలి. ఎత్తు నుంచి వేస్తే రేగుపండు దెబ్బ తగులుతుంది, జానెడు ఎత్తు చాలు. ఏడాది నిండని బిడ్డలకు శనగలు, నాణేలు మానేసి పువ్వులు, నాలుగు పెద్ద రేగుపళ్ళతో సరిపెట్టండి. నోట్లో పెట్టుకుంటే గొంతుకడ్డం పడతాయి. రాలిన పళ్ళు బిడ్డకు తినిపించరు, పంచేస్తారు. రేగుపళ్ళు దొరకని దేశాల్లో క్రాన్‌బెర్రీలు వాడుతున్నారు. ఎరుపు, పరిమాణం కుదిరాయి, అంతకన్నా పట్టింపు అక్కర్లేదు.

అరిసెలు

బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి. ఈ మూడు కలిసిన తీపి ఎంత పాతదంటే, విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో స్వామికి నివేదించే ప్రసాదాల్లో అతిరసం ఉంది. తమిళులు ఇప్పటికీ అధిరసం అంటారు. చలికాలంలో ఒంటికి వేడి, రెండు మూడు వారాలు నిలవ, వచ్చిన కూతురితో పంపడానికి అనువు. అందుకే సంక్రాంతి అంటే ముందు అరిసె. ఇది వంటగదిలో తొందరపాటును ఏమాత్రం క్షమించని వంట కూడా.

కొలత: కిలో లావు బియ్యం, 700 గ్రాముల బెల్లం, గ్లాసు కన్నా తక్కువ నీళ్ళు, 100 గ్రాముల నెయ్యి, పది యాలకులు, 50 గ్రాముల నువ్వులు, వేయించడానికి లీటరు నూనె. సుమారు 40 అరిసెలు వస్తాయి.

బియ్యం ముందురోజు పొద్దున నానబోసి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. మర్నాడు వడగట్టి, నీరు కారడం ఆగేదాకా చిల్లుల గిన్నెలో వదలండి. గుడ్డ మీద ఎండబెట్టకండి. తడి మీదే మరలో ఆడించి, సన్నటి జల్లెడ పట్టండి. పిడికిలిలో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. పాకం పట్టేదాకా పిండిని గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచాలి. పొడి పిండితో అరిసె రాదు. అది పాకాన్ని పీల్చుకుని రాయవుతుంది.

బెల్లం కరిగించి, ఇసుక, పుల్లలు పోయేలా వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. ఇక్కడి నుంచి కళ్ళు దాని మీదే ఉండాలి. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తుండండి. ముందు చుక్క కరిగిపోతుంది. తర్వాత అడుగున పరుచుకుంటుంది, వేళ్ళ మధ్య తీగ సాగుతుంది. ఇంకాసేపటికి వేలితో దగ్గరికి లాగితే మెత్తటి ఉండ అవుతుంది, పైకెత్తి పట్టుకుంటే నెమ్మదిగా వంగుతుంది. అదే ఉండపాకం, అదే అరిసె పాకం. థర్మామీటరు ఉన్నవాళ్ళకు 113 నుంచి 115 డిగ్రీల సెల్సియస్. ఉండను పళ్ళేనికి కొడితే ఠంగుమంటే దాటిపోయినట్టు, ఆ పాకం వేరుశనగ ఉండలకు పనికొస్తుంది.

వెంటనే పొయ్యి ఆపి, నెయ్యి, యాలకుల పొడి వేసి, ఒకరు గుప్పెడు గుప్పెడుగా పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఒక్కరే చేస్తే ఉండలు కడుతుంది. చలిమిడి తెడ్డు నుంచి బరువుగా జారేలా ఉన్నప్పుడే పిండి ఆపేయండి, చల్లారాక ఇంకా గట్టిపడుతుంది. రెండు గుప్పిళ్ళ పిండి మిగిలితే మంచిదే, అవసరానికి పనికొస్తుంది. పైన చెంచా నెయ్యి రాసి మూత పెట్టండి.

నిమ్మకాయంత ఉండ తీసి, నువ్వులద్ది, నూనె రాసిన అరిటాకు మీద పావంగుళం మందాన తట్టాలి. అంచు నడిమి కన్నా పలచబడకూడదు, లేకపోతే అంచు మాడుతుంది. నూనె మధ్యస్థంగా కాగాలి: చిటికెడు చలిమిడి వేస్తే అడుగుకు పోయి, మూడు నాలుగు లెక్కపెట్టేలోపు పైకి తేలాలి. అరిసె తేలి పొంగాక ఒక్కసారే తిప్పండి. ఎర్రబడగానే తీసి, రెండు అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె దించాలి. చెక్కలు లేకపోతే చదునైన రెండు చిల్లుల గరిటెలు చాలు. వేడి మీదే నొక్కాలి, చల్లారాక నొక్కితే విరుగుతుంది. తర్వాత శుభ్రమైన వరిగడ్డి మీద గానీ కాగితం మీద గానీ విడివిడిగా ఆరబెట్టండి. వేడిగా దొంతర పెడితే చెమ్మ పట్టి మూడో రోజుకే బూజు వస్తుంది.

చెడే తీరు చూస్తే కారణం తెలుస్తుంది. నూనెలో వేయగానే విచ్చిపోయి చెదిరితే పాకం లేతగా దించారు. మిగిల్చిన పిండి కాస్త కలిపి అరగంట ఆగి చూడండి, అప్పటికీ విడిపోతుంటే ఆ చలిమిడిని పాలతో పలచన చేసి అట్లుగా పోసుకోవడమే మేలు. గట్టిగా, పళ్ళకు రాయిలా తగిలితే పాకం ముదిరింది లేదా పిండి ఎక్కువైంది. గోరువెచ్చని పాలు చెంచాడు చెంచాడుగా చల్లి పిసకండి, కొంత తేరుకుంటుంది. నూనె పీల్చేస్తే నూనె చాలినంత కాగలేదు. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే నూనె మరీ కాగింది. పగుళ్ళు వస్తే చలిమిడి ఆరిపోయింది, చేతికి నెయ్యి రాసుకుని మళ్ళీ పిసకాలి. ముందు ఒక్క అరిసె వేయించి విరిచి చూసుకుని, సరిదిద్దుకున్నాకే తక్కినవి తట్టండి.

సకినాలు

తెలంగాణలో పండగ సకినాలతో నడుస్తుంది. కిలో బియ్యం ఆరేడు గంటలు నానబెట్టి అదే తడి పిండి చేసుకోండి. 200 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, తగినంత ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్ళతో చపాతీ పిండికన్నా మెత్తగా కలపాలి. ఇందులో నూనె, నెయ్యి కలపరు. ఉతికిన పాత పంచె నేల మీద పరిచి, బొటనవేలు, రెండు వేళ్ళ మధ్య పిండిని మెలిపెడుతూ మూడు నాలుగు చుట్లు తిప్పాలి. మెలిక పడకపోతే ఉత్త తాడులా వస్తుంది, విరిగిపోతుంది. పిండిని చేతిలో నుంచి లాగవద్దు, మెలి తిరుగుతూ దానంతటదే కిందికి దిగాలి. కొత్తవాళ్ళకు మొదటి ఇరవై వంకరగానే వస్తాయి, ఆ పిండి మళ్ళీ కలుపుకోవచ్చు.

గుడ్డ నీటిని పీల్చుకునేదాకా అరగంట నుంచి గంట ఆగాలి. సకినం కింద పళ్ళెం జారిస్తే చెక్కుచెదరకుండా లేచిందంటే సిద్ధమైనట్టు. పచ్చిగా వేస్తే నూనె చిందుతుంది, ఒక్కోసారి పేలుతుంది కూడా. మధ్యస్థపు మంట మీద, బంగారు రంగు రాకముందే, బుడగలు తగ్గగానే తీయండి. సకినం తెల్లగానే ఉండాలి.

పొంగలి, కనుమ, ఆపైన

సంక్రాంతినాడు కొత్తబియ్యంతో పొంగలి. గ్లాసు కొత్తబియ్యానికి పావు గ్లాసు పెసరపప్పు, మూడు గ్లాసుల నీళ్ళు, గ్లాసు పాలు, గ్లాసుంపావు బెల్లం. పాతబియ్యం లెక్కలో నీళ్ళు పోస్తే కొత్తబియ్యం జావ అవుతుంది. అన్నం పూర్తిగా మెత్తబడ్డాకే బెల్లం వేయాలి, ముందే వేస్తే మెతుకు ఆ తర్వాత ఉడకదు. బెల్లాన్ని విడిగా కరిగించి వడగట్టి, పొయ్యి ఆపాక కలిపితే పాలు విరగవు. కోస్తాలో చాలా ఇళ్ళు ఈ మూడు రోజులూ బొమ్మల కొలువు పెడతాయి. మెట్లు 3, 5, 7 ఇలా బేసిలో ఉండాలి, బరువైన మట్టిబొమ్మలు కింది మెట్టు మీద, కొండపల్లి, ఏటికొప్పాక తేలిక చెక్కబొమ్మలు పైన. హైదరాబాద్‌లో గాలిపటాలెగరేసేవాళ్ళు నూలు దారమే కొనండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అది పక్షుల రెక్కల్నే కాదు, బండి మీద వెళ్ళేవాళ్ళ గొంతుల్నీ కోస్తోంది.

కనుమ పశువులది. చెరువులో కడిగి, కొమ్ములకు రంగు, మెడలో మువ్వలు, దండలు. కొమ్ముకు ఆయిల్ పెయింటు కాకుండా నీటిరంగు, పసుపు, కుంకుమ వాడండి. ఆ రోజు వాటితో పని చేయించరు, దూరప్రయాణాలూ పెట్టుకోరు. కనుమనాడు మినుము తినాలన్న మాట ప్రకారం ఇంట్లో గారెలు. గింజ నిండిన వరికంకుల్ని కుచ్చుగా అల్లి చూరుకు కట్టండి, పిచ్చుకలొస్తాయి. కుచ్చును గోడకు జానెడు దూరంగా, పిల్లి దూకి అందుకోలేని ఎత్తులో వేలాడదీయాలి. వాకిట్లో చుక్కల ముగ్గు బదులు రథం ముగ్గు వేసి, దాని తాడును గీస్తూ వెళ్ళి పక్కింటివాళ్ళ రథానికి కలుపుతారు. రథం ముఖం వీధివైపు ఉండాలి, పండగను సాగనంపే రథం కదా.

గొబ్బి పిడకల్లో మిగిలినవి మాఘ శుద్ధ సప్తమి దాకా పొడిచోట ఉంచండి. రథసప్తమి ఉదయం ఎండ పడే చోట మూడు ఇటుకల పొయ్యి పెట్టి, ఆ పిడకల మీద ఆవుపాలు పొంగించి, బియ్యం, బెల్లంతో పరమాన్నం వండుతారు. పిడక మంట ఒక్కసారి ఎగసి తర్వాత నిప్పు కణికలుగా ఉంటుంది కాబట్టి, పాలు పొంగేదాకా పిడకలు ఒత్తుగా, బియ్యం వేశాక ఒకటొకటిగా పెట్టుకోవాలి. చిక్కుడుకాయలను పుల్లలతో గుచ్చి రథం చేసి, చిక్కుడాకుల మీద నివేదన పెడతారు. ఆకులు ఏడు కావాలి, ముందురోజే కోసి తడిగుడ్డలో చుట్టి ఉంచండి.